తోక వచ్చేదాకా

గంట విప్పింది ఆమె మొగుడే. అదీ ఆమె సైకిలు నుంచే, ఆమె కళ్ళముందే.

పెద్దకోడలు మేడమీది గదుల్లో దుప్పట్లు మార్చి, మాసినవి చంకలో ఇరికించుకుని కొట్లోకి దిగేసరికి, ఆయన ఆమె సైకిల్ని స్టాండుకి ఎత్తిపెట్టి హ్యాండిలు మీదికి వంగి ఉన్నాడు. బ్రేకు బిగిస్తున్నాడేమో అనుకుంది. నామీద ఇంత శ్రద్ధ ఎప్పటినుంచో అని లోపల్లోపల కాస్త మురిసింది కూడా. అంతలో ఇత్తడి గంట ఊడి ఆయన అరచేతిలో పడి ఒక్కసారి మోగింది.

"అదెందుకు విప్పుతున్నారు?"

"నాన్న చెప్పాడు," అన్నాడాయన తలెత్తకుండా. "ఈసారి చిన్నమ్మాయి సైకిలుకి బిగించమన్నాడు."

అనడమే కాదు, పక్కనున్న తోడికోడలి ఎర్ర సైకిలుకి బిగించడం మొదలుపెట్టాడు. కింద రబ్బరు ముక్క పెట్టి, అటూ ఇటూ కదిపి చూసి, గీత పడకుండా ఎంత జాగ్రత్తగా బిగిస్తున్నాడో! ఆమె సైకిలు మీద గంట ఉన్నచోట తెల్లగా ఒక పట్టీ మిగిలింది. ఉంగరం తీసేసిన వేలులా ఉంది.

ఆ ఇంట్లో గంట అంటే ఊరికే మోగించుకునే వస్తువు కాదు. కింద సైకిళ్ళ కొట్టు, మీద అద్దెగదులు. సెలవులొస్తే పట్నాలనుంచి మనుషులు కొండల వెనక దారుల్లో సైకిళ్ళు తొక్కడానికి దిగుతారు. ఆ దారుల్లో లారీ రాదు, బస్సు రాదు. తారు మధ్యలో గడ్డి మొలిచి ఉంటుంది. ఏ బండైనా వస్తే రెండు మలుపుల అవతలనుంచే వినిపిస్తుంది. మనుషులు తక్కువ, మలుపులు ఎక్కువ, ఫోన్లు పనిచెయ్యవు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. గంట ఉన్న మనిషి ముందు పోవాలి. మలుపు రాగానే తన వెనకున్నవాళ్ళలో ఒకర్ని అక్కడ ఆపాలి. ఆగినవాళ్ళు చెయ్యి చాపి, వచ్చేవాళ్ళందరికీ దారి చూపిస్తూ నిలబడాలి. అందరికంటే చివర వచ్చే మనిషిని తోక అంటారు. తోక వచ్చి "పద" అనేదాకా మలుపు దగ్గరున్నవాళ్ళు కదలకూడదు. వానొచ్చినా సరే, వరదొచ్చినా సరే. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు, ఎంత అయోమయం మనిషైనా ఆ కొండల్లో తప్పిపోడు.

కాపరానికి వచ్చిన మరుసటేడు నుంచీ గంట పెద్దకోడలిది. తోక ఆమె మొగుడు.

మామగారు పెరట్లో నీళ్ళతొట్టి ముందు కూర్చుని, గాలి కొట్టిన ట్యూబు ముంచి బుడగలకోసం చూస్తున్నారు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. దుప్పట్లు ఇంకా చంకలోనే ఉన్నాయి.

"మామయ్యా, గంట విప్పమన్నారట."

"అవునమ్మా." ట్యూబు ఇంకోవైపు తిప్పారు. "పోయినసారి వచ్చినవాళ్ళు ఫోన్ చేశారు. ఈసారి ఆ నవ్వే అమ్మాయి ముందుంటుందా అని అడిగారు. వచ్చేవాళ్ళ మాట మనం వినాలి కదా."

"నేనెప్పుడైనా దారి తప్పించానా?"

"అబ్బే! నీ అంత దారి తెలిసిన మనిషి ఈ కొండల్లో లేదు. కానీ నువ్వు వెనక్కి తిరిగి చూడవమ్మా. ఎత్తు వచ్చిందంటే చాలు, ఎవరో తరుముతున్నట్టు పోతావు. పాపం, వెనకాల వాళ్ళు రొప్పుకుంటూ..." బుడగ కనిపించింది. ఆయన అక్కడ వేలు పెట్టి మూసి, మాట కూడా అక్కడితో మూసేశారు. "పెద్దాడికి ఎలాగూ నడుం పట్టేసింది. ఈ రెండ్రోజులూ నువ్వు తోకలో ఉండు."

తోకలో ఉండు! మిగిలిన కూర పిల్లికి పెట్టు అన్నంత తేలిగ్గా అనేశారు. ఆమె "సరే మామయ్యా" అంది కానీ ఒళ్ళంతా భగ్గుమంది. నవ్వే అమ్మాయట! ఎత్తు ఎక్కుతూ నవ్వడానికి ఊపిరి మిగిలిందంటే కాళ్ళు సరిగ్గా పనిచెయ్యట్లేదని అర్థం. ఆ మాట ఈ ఇంట్లో ఒక్కరికీ తట్టదా?

కొట్లోకి తిరిగొస్తే ఆమె మొగుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని, బిగించిన గంటని ఇంకోసారి మోగించి చూస్తున్నాడు.

"తోక అంత చెడ్డదేం కాదు," అన్నాడు.

"మీకేం, ముందునుంచీ అలవాటే."

ఆయన నవ్వేశాడు. ఆ మనిషికి కోపం రాదు. ఇన్నేళ్ళూ అందరికంటే వెనక ఇంటికొచ్చి, కూనిరాగం తీసుకుంటూ సైకిలు తుడుచుకున్న మనిషి. వెనకబడ్డానన్న సిగ్గైనా లేకుండా అంత హుషారు ఎక్కడినుంచి వస్తుందా అని ఆమెకి ఎప్పుడూ చిరాకే.

దీపాలు పెట్టేవేళకి చిన్నకోడలు పెరట్లోకొచ్చి ఆమె పక్కన చతికిలబడింది. రేపటికి నీళ్ళసీసాలు కడగాలి. ఇద్దరూ బ్రష్షులు తీసుకుని కడగడం మొదలుపెట్టారు.

"అక్కా, కోపమొచ్చిందా? నేనడగలేదు, ఒట్టు."

"కోపమెందుకూ? హాయిగా వెనకాల గాలి పీల్చుకుంటూ వస్తా."

"మరైతే క్వారీ దగ్గర చీలిక గురించి చెప్పవా? ఎప్పుడూ నీ చక్రం చూసుకుంటూ వచ్చానే గానీ దారి సరిగ్గా చూళ్ళేదు."

క్వారీ చీలిక గురించి ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఎడమ దారి పైకి పోతుంది, కుడి దారి కిందికి పోతుంది. అప్పటికి అందరి కాళ్ళూ అరిగిపోయి ఉంటాయి. మనిషి నిలబడి పైకి చెయ్యి చూపించినా సరే, చూడనట్టే కిందికి జారిపోతారు. జారినవాళ్ళు ఆగేది రాళ్ళగుంట అంచున. అక్కడ మెతక మనిషిని నిలబెట్టకూడదు. గట్టిగా కేకలేసే మనిషి ఉండాలి.

"అక్కడేముంది," అంది ఆమె సీసాలోకి బ్రష్షు దూర్చి తిప్పుతూ. "ఎడమకి తిరగడమే."

అబద్ధమేం కాదు కదా. ఎడమకే తిరగాలి. గంట విప్పి బిగించుకున్నారు, ఇక నా బుర్ర కూడా విప్పి ఆవిడకి బిగిస్తారా అనుకుంది. చిన్నకోడలు "అంతేనా!" అని నవ్వి, ఇంకో సీసా అందుకుంది.

పొద్దున్నే అందరూ కొట్టు ముందు చేరారు. ఉద్యోగం అయిపోయిన బ్యాంకాయన ఒకరు, పొట్ట మీద బిగుసుకున్న పసుప్పచ్చ చొక్కాలో. ఒక పళ్ళ డాక్టరమ్మ, సైకిలు అంటే సరదాయే గానీ అలవాటు లేదని ముందే చెప్పేసింది. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి. ఇంకా కొందరు. చిన్నకోడలు ఎర్ర సైకిలెక్కి గంట మోగించింది. అందరూ చప్పట్లు కొట్టారు. గంట మోగిస్తే చప్పట్లు! పెద్దకోడలు ఇన్నేళ్ళు మోగిస్తే ఒక్కళ్ళు చెయ్యి కదపలేదు.

ఆమె బొటనవేలు దానంతటదే హ్యాండిలు మీది తెల్లపట్టీ దగ్గరికి పోయింది. అక్కడ నొక్కడానికేం లేదు.

తోకలో అన్నిటికంటే కష్టం నెమ్మదిగా పోవడం. డాక్టరమ్మ అన్నిటికంటే తేలికైన గేరులో వేసుకుని కాళ్ళు గిరగిరా తిప్పుతోంది, సైకిలు మాత్రం నత్తనడక నడుస్తోంది. దానికి తోడు కబుర్లు. పన్ను పీకించుకుంటూ తన చెయ్యి కొరికినవాడి కథ మొదటి ఎత్తు మొత్తం చెప్పింది. పెద్దకోడలు "ఊఁ" కొడుతూ పైకి చూస్తోంది. లోయకి అవతలి పక్క, మెలికలు తిరిగిన దారిలో, అందరికంటే పైన ఎర్ర సైకిలు. దాని వెనక చుక్కల్లా మిగిలినవాళ్ళు. గంట వినిపించింది. ఆమె తన గంటని అంత దూరంనుంచి విన్నది అదే మొదటిసారి. చేత్తో మోగించినప్పటికంటే బాగుంది, అందుకు ఇంకా మండింది.

మలుపు దగ్గర కొత్త పెళ్ళికొడుకు చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి ఏదో అనబోయాడు. ఆమె అతని మొహం వైపైనా చూడకుండా "పద" అనేసింది. కళ్ళన్నీ పైనున్న ఎర్ర సైకిలు మీదే. అదుగో, ఎత్తు మీద ఆగారు. ఎందుకు ఆగినట్టు? చిన్నకోడలు చెయ్యెత్తి లోయలో ఏదో చూపిస్తోంది. అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు లోయ దాటి ఇక్కడికి వినిపిస్తోంది. సైకిలు తొక్కడానికొచ్చారా, షికారుకొచ్చారా?

ఇంకో రెండు మలుపులు, ఇంకో ఇద్దరు, ఇంకో రెండుసార్లు "పద". నిలబడినవాళ్ళంతా ముందుకి సాగిపోయారు. మళ్ళీ ఆమే, డాక్టరమ్మే మిగిలారు. రాతిగోడ విరిగినచోట ఎడ్లబండ్ల పాత బాట ఒకటి కొండమీదికి పోతోంది. ఆ బాట రిజర్వాయరు పక్కనున్న రేకుల షెడ్డు దగ్గర తేలుతుంది. మధ్యాహ్నం తిండి అక్కడే. దారిన పోతే కొండంతా చుట్టాలి, బాటన పోతే నడినెత్తి మీంచి దాటెయ్యొచ్చు. సైకిలు భుజాన వేసుకోగలిగితే.

షెడ్డు అరుగు మీద తీరిగ్గా కూర్చుని, చెమట ఆరిన మొహంతో, చిన్నకోడలు రొప్పుకుంటూ రావడం చూడొచ్చు. ఆ ఊహ రాగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

"ఇంక ఒక్కటే మలుపు," అంది డాక్టరమ్మతో. "క్వారీ దగ్గర. అక్కడ మనిషి ఉంటారు, చూపిస్తారు. మీరు పదండి, నేను వెనకే వస్తున్నా."

డాక్టరమ్మ చెయ్యూపి సాగిపోయింది. వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆగి, పెద్దకోడలు గోడసందులోంచి సైకిలు దూర్చింది.

బాట నిండా గుండ్రాళ్ళు. సైకిలు భుజానికెత్తుకుంటే కడ్డీ ఎముకలోకి దిగింది. ముళ్ళకంప పిక్క మీద బారుగా గీసింది. పెడలు మాటిమాటికీ నడుముకి పొడుచుకుంది. అయినా ఆమెకి ఎంత హుషారో! ఎవరికోసమూ ఆగక్కర్లేదు, ఎవరి కథకీ ఊఁ కొట్టక్కర్లేదు. కొండనెత్తిన సైకిలు దింపి ఎక్కితే ఇక షెడ్డు దాకా జారుడే. అరుగు మీద ఎవరూ లేరు. మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

ముందు వచ్చింది ఎర్ర సైకిలు కాదు, పసుప్పచ్చ చొక్కా.

"మీరెప్పుడొచ్చారు!" అన్నాడు బ్యాంకాయన, నోరు తెరిచి.

"ఇందాకే."

"అబ్బో, మిమ్మల్ని పట్టుకోవడం ఎవరి తరమండీ!"

ఒక్కొక్కళ్ళే వచ్చి సైకిళ్ళు గోడకి ఆనించి కూలబడుతున్నారు. కొత్తజంట వచ్చింది. అందరూ వచ్చారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. చివరికి డాక్టరమ్మ కూడా వచ్చి, ఆమెని చూసి సైకిలు మీదే కేకేసింది. "మీరు నా వెనకుండాలి కదా! ఎగిరొచ్చారా?"

"అడ్డదారి ఒకటుంది లెండి."

అందరూ ఆహా ఓహో అన్నారు. ఈవిడకి తెలియని దారి లేదన్నారు. ఆ మాటలు పెద్దకోడలు చెవుల్లో తేనె పోసినట్టున్నాయి. కానీ కళ్ళు మాత్రం దారి మీదికే పోతున్నాయి.

"మన గంటమ్మాయి ఏదీ?" అన్నారెవరో.

"క్వారీ దగ్గర ఆగింది కదా," అన్నాడు బ్యాంకాయన. "ఇక్కడ అందరూ కిందికే పోతున్నారు, ఇంకెవర్ని నిలబెట్టినా లాభం లేదు, నేనే ఉంటాను, ఇక మలుపుల్లేవు మీరు పదండి, అంది."

"నేను కిందికే పోబోయాను," అంది డాక్టరమ్మ. "కేకేసి ఆపింది. అక్క వెనకే వస్తోందా అని అడిగింది. వస్తోందన్నాను."

పెద్దకోడలు కాలు మీంచి కాలు దించింది. తోక వచ్చేదాకా కదలకూడదు. తోక ఇక్కడ అరుగు మీద కూర్చుని ఉంది.

కాసేపట్లో తనే తెలుసుకుని వస్తుందిలే అనుకుంది. ఆ మాత్రం తెలివి లేదా? అంతలో వ్యానులో మామగారు తిండి పట్టుకొచ్చారు. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, పెద్ద ఫ్లాస్కుల్లో టీ. పంచుతూ పంచుతూ మనుషుల్ని చూసుకున్నారు.

"చిన్నమ్మాయేదీ?"

ఎవరో చెప్పారు. ఆయన మొహం ముడుచుకుంది. "ముందుండాల్సిన మనిషి వెనకెక్కడో ఆగిపోవడమేంటి? పంక్చరైందా? ఏమ్మా, నువ్వొచ్చేటప్పుడు బాగానే ఉందా?"

పెద్దకోడలి నోట్లో రొట్టె ఉంది. తల కాస్త ఊపింది. అవుననుకుంటే అవును, కాదనుకుంటే కాదు.

"అయితే ఎక్కడో పూలు చూస్తూ నిలబడి ఉంటుంది," అన్నారు మామగారు విసుగ్గా. "నాదే బుద్ధితక్కువ. నవ్వితే సరిపోతుందా? రేపు గంట మళ్ళీ నీ సైకిలుకే."

నిన్నటినుంచి ఆమె కోరుకున్న మాట అదే. ఎవర్నీ అడక్కుండా, నోరు విప్పకుండా, తిండి తింటుండగా వచ్చి ఒళ్ళో పడింది. వాన రేకుల మీద జోరందుకుంది. డాక్టరమ్మ తడిసిన కోటు విప్పి దులుపుతోంది. నీలం కోటు, మెడ దగ్గర కుట్టు ఊడితే పోయిన వారం పెద్దకోడలే నల్లదారంతో కుట్టిచ్చింది.

"ఇది తనదే పాపం," అంది డాక్టరమ్మ. "చినుకు పడగానే తీసి నాకు తొడిగింది. అక్క దగ్గర ఇంకోటి ఉంటుంది, వచ్చాక వేసుకుంటా అంది."

ఆమె దగ్గర ఇంకోటి ఉంది. సీటు వెనక సంచిలో మడతపెట్టి ఉంది. తోక మోసుకురావాల్సిన సామాను అది.

పెద్దకోడలు రొట్టె కింద పెట్టేసి లేచింది. మామగారు ఏదో అడుగుతున్నారు. వినిపించుకోలేదు.

కిందికంతా జారుడు. తడిసిన బ్రేకులు కీచుమంటున్నాయి, నీళ్ళు మొహాన కొడుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆ దారిలో ఆమె ఎదురు దిక్కున రావడం అదే మొదలు. చీలిక దూరంనుంచే కనిపించింది. దారి మధ్యలో చిన్నకోడలు నిలబడి ఉంది. సైకిలు కాళ్ళకి ఆనించుకుంది, జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది, ఎడమచెయ్యి చంకలో దాచుకుంది. కుడిచెయ్యి మాత్రం పైదారి వైపు చాచి ఉంది. ఎవరూ రాని దారికి ఎదురుగా నిలబడి, ఎవరూ లేని దారి చూపిస్తోంది.

చక్రం చప్పుడుకి వెనక్కి తిరిగింది. ఆమెని చూసి మొహం విచ్చుకుంది, వెంటనే అయోమయంలో పడింది.

"అక్కా! నువ్వు అటునుంచి వస్తున్నావేంటి? ఇంకా వెనక ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. నేనే."

"పడిపోయావేమో అనుకున్నా. ఏ కాలో విరిగి ఎక్కడ పడున్నావోనని..." పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "వెనక్కొచ్చి వెతుకుదామనుకున్నా. తోక వచ్చేదాకా చచ్చినా కదలకూడదన్నావు కదా నువ్వు. నేను కదిలాక నువ్వొస్తే?"

పంక్చరు అనే మాట పెద్దకోడలి నాలుక చివర సిద్ధంగా ఉంది. చాలా తేలిక. సంచిలోంచి కోటు తీసి చిన్నకోడలి భుజాల మీద వేసింది. బొత్తాలు పెట్టబోతే, ఆ పిల్ల ఒళ్ళు ఎంత వణుకుతోందో చేతులకి తెలిసింది.

"బండ్లబాటన పోయాను," అంది.

"ఎందుకు?"

"నీకంటే ముందు చేరాలని."

అర్థమయ్యాక చిన్నకోడలు ఆమె చేతులు విదిలించేసి, బొత్తాలు తనే పెట్టుకుంది.

"గంట కావాలంటే అడగొచ్చుగా! అడిగితే ఇచ్చేదాన్ని కాదా? ఇక్కడ చలికి చచ్చిపోయాను నేను. నీకేమైందోనని భయంతో చచ్చిపోయాను." కోటు మెడదాకా లాక్కుంది. "నవ్వుతాను కదా, నాకేం తెలీదనుకుంటారు అందరూ."

సైకిలెక్కి పైదారి పట్టింది. పెద్దకోడలు వెనక పడింది. ఎత్తు మొదలైందో లేదో చిన్నకోడలు గంట కొట్టడం మొదలుపెట్టింది. దారిలో పిట్టైనా లేదు. వానలో, కోపంతో, ఎవర్నీ అడ్డు తప్పుకోమని చెప్పక్కర్లేని ఆ ఖాళీ దారిలో, షెడ్డు కనిపించేదాకా కొడుతూనే ఉంది. పెద్దకోడలు ఆ మోత కిందే తల వంచుకుని తొక్కింది. దాటిపోయే ఓపిక ఉంది, దాటలేదు.

సాయంత్రం భోజనాల బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. చిన్నకోడలు తలకి తువ్వాలు చుట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వేడివేడిగా చారు తాగుతోంది. షెడ్డు దగ్గర మామగారు కేకలేసినప్పుడు కూడా నోరు విప్పలేదు. పెద్దకోడలు గిన్నెలు అందిస్తోంది.

"ఒరే పెద్దాడా," అన్నారు మామగారు, వచ్చినవాళ్ళకి కూడా వినపడేలా. "తిన్నాక ఆ గంట విప్పి మీ ఆవిడ సైకిలుకి బిగించు. ఒక్కరోజు సంబడం చాలు."

ఆమె మొగుడు తలెత్తి ఆమె వైపు చూశాడు. గిన్నె బల్లమీద పెట్టింది పెద్దకోడలు. పట్నాలవాళ్ళంతా చూస్తున్నారు, రేపు ఊళ్ళకి పోయి చెప్పుకుంటారు.

"వద్దు మామయ్యా. ఆ పిల్ల తప్పేం లేదు. తోక నేను. నేనే బాట మార్చి ముందుకొచ్చేశాను. తను నాకోసం నిలబడింది."

మామగారు ఆమెనీ చిన్నకోడలినీ మార్చి మార్చి చూశారు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేశారు. "అలాగా," అన్నారు చివరికి. "అయితే గంట ఉన్నచోటే ఉండనీ. మరి రేపు తోక ఎవరు?"

బ్యాంకాయన గొంతు సవరించుకున్నాడు. "అది ముందుండేవాళ్ళు చెప్పాలి కదండీ."

అందరూ చిన్నకోడలి వైపు తిరిగారు. ఆమె చారు గిన్నె ఎత్తి అడుగు దాకా తాగి, తువ్వాలు అంచుతో మూతి తుడుచుకుంది.

"అక్కే," అంది. "ఇంకోసారి అలా చెయ్యదు."

క్షమించినట్టు లేదు, కోపంగానూ లేదు. కొట్లో ఏ నట్టు ఏ డబ్బాలో ఉంటుందో చెప్పినట్టు చెప్పింది. పెద్దకోడలికి ఎక్కడో చురుక్కుమంది. ఇరవై నాలుగేళ్ళు నిండని పిల్ల, ఎంత బాగా చెప్పింది! తను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అలా చెప్పగలిగిందా? ఆ సంగతికి కూడా కాస్త అసూయగానే ఉంది.

రెండోరోజు వాన వెలిసి, దారంతా కడిగినట్టుంది. మొదటి మలుపు దగ్గర పసుప్పచ్చ చొక్కా నిలబడి ఉంది. ఆమెని చూడగానే బ్యాంకాయన రెండు చేతులూ ఎత్తాడు.

"వచ్చారా తల్లీ! ఇవాళ అడ్డబాటలేం లేవు కదా?"

"ఉన్నాయి. మీరు మోస్తానంటే పోదాం."

ఆయన పొట్ట ఊగేలా నవ్వాడు. "పద" అన్నాక కూడా నవ్వుకుంటూనే పోయాడు. తనకి హాస్యం వచ్చని పెద్దకోడలికే తెలీదు.

ఇంకో మలుపులో కొత్త పెళ్ళికొడుకు. అతన్ని ఒక్కణ్ణీ నిలబెట్టి పెళ్ళాం ముందుకి పోయింది, పాపం గడ్డిపరకలు తెంపుకుంటూ ఉన్నాడు. ఆమె కనిపించగానే పరకలు పారేసి నిటారుగా అయిపోయాడు. "మీరు రాకపోతే ఇక్కడే ముసలాణ్ణయిపోయేవాణ్ణి!" నిన్న కూడా ఏదో అనబోయాడు కదా, అది కూడా ఇలాంటిదే అయ్యుంటుంది. ఆమె విననే లేదు. నిన్న ఒక్కరోజే కాదు, ఎన్నడూ వినలేదు. ముందు పోయే మనిషికి దారి కనబడుతుంది, ఎక్కాల్సిన ఎత్తు కనబడుతుంది. తనకోసం ఎదురుచూసే మొహం కనబడదు.

పచ్చికబయలు అవతల, రెండు దారులు కలిసేచోట, డాక్టరమ్మ నిలబడి ఉంది. ఇవాళ ఆవిడ చివర్లో లేదు, పట్టుబట్టి ముందుకి పోయింది. అంత దూరంనుంచి వేలెడంత కనిపిస్తోంది. ఆమెని గుర్తుపట్టి, చాచిన చెయ్యి అలాగే ఉంచి రెండో చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. బస్సు దిగిన చుట్టాన్ని చూసినట్టు ఊపుతోంది. పెద్దకోడలు తెలియకుండానే చెయ్యెత్తి ఊపింది. వేగంగా పోదామని కాళ్ళు తొందరపడ్డాయి, చూసుకుని నెమ్మదించింది. ముందు ఇంకో ఇద్దరు ఎగశ్వాసతో తొక్కుతున్నారు. వాళ్ళని దాటకూడదు.

చిట్టచివరి మలుపు ఊరికి దగ్గర్లో. అక్కడ చిన్నకోడలే నిలబడి ఉంది. అందర్నీ ఇంటివైపు పంపేసింది. నవ్వలేదు. కానీ పెద్దకోడలు కనబడగానే భుజాలు దిగి, గట్టిగా ఊపిరి వదలడం ఇక్కడికి తెలిసింది.

"వెనక ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు," అంది పెద్దకోడలు. ఆ పిల్ల మొహంలోకి చూసి, "పద" అంది.

చిన్నకోడలు చెయ్యి దించింది. గంట ఒక్కసారి మోగించి ముందు కదిలింది.

పట్నాలవాళ్ళు వెళ్ళిపోయాక కొట్టు ఖాళీ అయింది. ఆమె మొగుడు ఎత్తుపీట మీద కూర్చుని, వంకర పోయిన చక్రం ఒకటి తిప్పుతూ ఊచలు ఒక్కొక్కటే బిగిస్తున్నాడు. పెద్దకోడలు సైకిలు తుడుస్తోంది. గొలుసు తుడిచింది, కడ్డీలు తుడిచింది. హ్యాండిలు మీది తెల్లపట్టీ కూడా తుడిచింది. అప్పటికే దాని మీద కాస్త దుమ్ము పట్టింది. ఏదో కూనిరాగం వినిపిస్తుంటే ఆయన వైపు చూసింది. ఆయన నోరు మూసుకునే ఉన్నాడు. రాగం తనదే.

"ఏమండీ."

"ఊఁ."

"ఇన్నేళ్ళూ మలుపు మలుపుకీ అందరూ మీకోసం ఇలాగే చూశారా?"

"చూశారు."

"అంత నవ్వుతూనా?"

"ఆకలి మీదుంటే ఇంకొంచెం ఎక్కువ."

ఆమె గుడ్డ పిండి పక్కన పడేసింది. ఎన్ని మలుపులు, ఎన్ని మొహాలు! అన్నీ ఈ మనిషి ఒక్కడే మూటగట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి సైకిలు తుడుచుకున్నాడు. మళ్ళీ ఆ అసూయే రేగింది, ఈసారి మొగుడి మీద.

"ఒక్కసారైనా నాకు చెప్పలేదేం?"

ఆయన చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పి, ఒంటికన్నుతో దాని అంచు చూసుకున్నాడు.

"చెప్తే అది కూడా నువ్వే తీసుకుందువు."

ఆమెకి నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. ఆయన చక్రం స్టాండు నుంచి దించి, పీట మీంచి లేచి, నడుం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"దాదాపు తగ్గినట్టే ఉంది. వచ్చేవారం తోకలో నేనే వస్తాలే."

"తగ్గలేదు," అంది పెద్దకోడలు.